వెనుదిరిగిన వారినీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాల నుంచి ఎవరో ఒకరు కిలిమంజారోనో, ఎల్బ్రస్‌నో, ఎవరెస్టునో అధిరోహించారన్న వార్త ఈ మధ్య మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తున్నది. ఆ వార్తలన్నింటి తీరూ దాదాపు ఒకటే. శిఖరం మీద జాతీయ జెండా పట్టుకున్న ఫోటో, పర్వతం ఎత్తు, ఎక్కినవారి వయస్సు, అది ఏ రికార్డు కిందకు వస్తుందన్న వివరం, తిరిగి వచ్చాక ఏ అధికారి శాలువా కప్పారన్న సంగతి. వాటిని చదవడం నాకూ ఆనందమే. మా పక్క ఊరి అమ్మాయి ఫోటో పడిన పేజీని కత్తిరించి దాచుకున్నాను కూడా. అయితే ఉద్యోగ విరమణ తరువాత కొందరు మిత్రులతో కలిసి కిలిమంజారో ఎక్కి వచ్చిన మనిషిగా ఒక మాట విన్నవించుకోవాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. పర్వతం మనిషికి నేర్పే విషయాలలో చాలా భాగం ఆ ఫోటోలో ఉండవు. వాటిని వదిలేసి శిఖరాన్ని మాత్రమే అచ్చు వేస్తూ పోతే, పర్వతారోహణ కూడా మన పిల్లల దృష్టిలో మరో ర్యాంకుగా మిగిలిపోతుంది.

ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో ఉన్న కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. తాళ్లు, మంచుగొడ్డళ్లు లేకుండా నడిచి ఎక్కగలిగిన పర్వతం కనుక అది తేలికైనదన్న పేరు స్థిరపడింది. కాళ్ల వరకు ఆ పేరు కొంత నిజమే గానీ ఊపిరితిత్తుల విషయంలో కాదు. గాలిలో ఆక్సిజన్ పాలు హైదరాబాదులో ఎంతో శిఖరం మీదా అంతే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. శిఖరం దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగానికి పడిపోతుంది కనుక, ఒక్కొక్క శ్వాసతో లోపలికి చేరే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరానికి దీనికి సర్దుకునే శక్తి ఉంది. శ్వాస వేగం పెంచుకుంటుంది, మూత్రపిండాల ద్వారా రక్తంలో పెరిగిన క్షారగుణాన్ని సరిచేసుకుంటుంది, ఆ తరువాత ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. ఇందులో కొంత పని గంటల్లో మొదలైనా పూర్తి కావడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆ గడువును డబ్బుతో గాని పట్టుదలతో గాని కుదించడం సాధ్యం కాదు. మూడు వేల మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలనీ వైద్యులు చెప్పేది అందుకే.

ఈ లెక్కను చేతిలో పెట్టుకుని, కిలిమంజారో ఎక్కే దారుల్లో ఒకటైన మరంగు మీదుగా, తక్కువ ధరకు దొరికే ఐదు రోజుల ప్యాకేజీని చూడండి. మొదటి రాత్రి బస 2,720 మీటర్ల దగ్గర మందారా శిబిరంలో, రెండవ రాత్రి 3,720 దగ్గర హొరొంబో, మూడవ రోజు సాయంత్రానికి 4,720 దగ్గర కిబో. అక్కడ కొన్ని గంటలు నడుం వాల్చి, అర్ధరాత్రికి లేచి శిఖరానికి బయలుదేరాలి. పార్కు రుసుము రోజుల లెక్కన కట్టవలసి ఉంటుంది కనుక రోజులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే జనం వస్తారు. హొరొంబోలో ఒక్క రోజు అదనంగా ఆగినవారి పరిస్థితి ఎంతో మెరుగ్గా ఉంటుందని అక్కడి గైడ్లందరికీ తెలుసు. అయినా ఆ ఒక్క రోజు దగ్గరే మనవాళ్లు బేరమాడతారు. విమానం టికెట్టుకూ, కొత్త జాకెట్టుకూ వెనకాడని మనిషి శరీరానికి ఇవ్వవలసిన ఒక్క రోజు దగ్గర లెక్కలు వేయడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

మేము వెళ్లినది మచామె దారి. ఆ దారిలో ఒక రోజు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న లావా టవర్ అనే రాతి దిమ్మె దాకా ఎక్కించి, కాసేపు కూర్చోబెట్టి, అదే సాయంత్రం 3,960 మీటర్ల దగ్గర ఉన్న బరాంకో శిబిరానికి దించివేస్తారు. పొద్దుటి నుంచి ఆయాసపడి ఎక్కినదంతా సాయంత్రానికి దిగిపోవడం మా బృందంలోని కుర్రవాళ్లకు ఏమాత్రం రుచించలేదు. నేరుగా పైకి పోతే ఒక రోజు మిగులుతుంది కదా అని వాదించారు. గైడు నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి బరాంకోలో తలనొప్పి తగ్గి, ఆకలి వేసి, అన్నం తిని నిద్రపోయిన తరువాత గాని వాళ్లకు ఆ దిగడంలోని పరమార్థం తెలియలేదు. ఎత్తు రుచి చూపించి, కింద నిద్రపుచ్చి, మరునాడు ఇంకాస్త పైకి తీసుకుపోవడమే అక్కడి పద్ధతి. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని కనుక నాకు ఆ రాత్రి వేరే ఆలోచనలు వచ్చాయి. పరీక్ష తప్పి ఒక ఏడాది ఆగిన పిల్లవాడిని ఇల్లూ బంధువులూ ఎలా చూస్తారో మనకు తెలియనిది కాదు. ఆ ఏడాదిలో వాడి లోపల ఏదో సర్దుకుంటూ ఉండవచ్చునన్న ఊహ మన లెక్కల్లో ఎక్కడా లేదు.

దృఢంగా ఉన్నవారికి ఎత్తు ఏమీ చేయదన్న నమ్మకం కూడా అక్కడ నిలవలేదు. మా బృందంలో ఏళ్ల తరబడి వ్యాయామశాలకు వెళ్లిన యువకుడు రెండవ రోజే వాంతులతో కూలబడ్డాడు. మోకాళ్ల నొప్పులున్న ఒక గృహిణి, అందరికన్నా వెనక, ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకుంటూ సాఫీగా వచ్చారు. దీనిలో మాయ ఏమీ లేదు. శరీర దారుఢ్యానికీ, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకూ నేరుగా సంబంధం లేదని వైద్యశాస్త్రమే చెబుతున్నది. పైగా బలం ఉన్నవాడు వేగంగా నడుస్తాడు, వేగంగా నడిచినవాడు వేగంగా ఎత్తుకు చేరతాడు, అక్కడే చిక్కుకుంటాడు. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లన్నింటికీ వచ్చిన ఆక్సీమీటరును గైడ్లు రోజూ సాయంత్రం మా వేళ్లకు తగిలించేవారు. ఇక్కడైతే అంబులెన్సుకు ఫోన్ చేయించే అంకెలు అక్కడ మామూలు అంకెలు. మొదటి సాయంత్రాల్లో ఎవరిది ఎంత అని పోటీగా చూసుకున్నవాళ్లం, తరువాత చూసుకోవడం మానేశాం.

అన్నింటికన్నా ఎక్కువగా నన్ను ఆలోచింపజేసినది ఇంకొకటి ఉన్నది. ఎత్తు వల్ల మెదడులో నీరు చేరడం మొదలైతే వివేచన కూడా దెబ్బతింటుంది. నడక తూలుతుంది, మాట తడబడుతుంది, కానీ ఆ మనిషి మాత్రం తాను బాగానే ఉన్నానని గట్టిగా వాదిస్తాడు. అందుకే గైడ్లు అనుమానం వచ్చిన మనిషిని ఎలా ఉన్నారని అడిగి వదిలేయరు. ఒక కాలి మడమకు రెండవ కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా నాలుగు అడుగులు నడిచి చూపమంటారు. నడవలేకపోతే ఇక చర్చ ఉండదు, కిందికి దించుతారు. ఆ జబ్బుకు మొదటి మందు దిగడమే. తన పరిస్థితి తనకే అందరికన్నా బాగా తెలుసునని నమ్మే వయస్సు నాది. ఆ నమ్మకాన్ని పక్కనబెట్టి, పాతికేళ్లు నిండని ఒక కుర్రవాడు నా ముఖంలోకి టార్చి వేసి చూసి చెప్పే తీర్పుకు తలవంచడం సులభం కాదు. ఇంటికి వచ్చాక చక్కెర జబ్బు విషయంలోనో, రాత్రిపూట బండి నడపడం విషయంలోనో మా అబ్బాయి చెప్పిన మాటను మునుపటిలా తోసిపుచ్చలేకపోతున్నాను. పర్వతం వల్ల నా దినచర్యలో వచ్చిన మార్పు ఏదైనా ఉంటే అది ఇదే.

శిఖరానికి బయలుదేరిన రాత్రి మాతో పాటు నడిచిన నా చిరకాల మిత్రుడు, మాజీ సహోద్యోగి, శిఖరానికి ముందు పర్వతం పై అంచు మీద ఉండే స్టెల్లా పాయింటుకు కొంత దిగువన ఆగిపోయారు. అడుగులు తూలుతున్నాయని గైడు గమనించాడు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా, సహాయక గైడు చేయి పట్టుకుని దిగిపోయారు. అంత ఖర్చు పెట్టి, అంత దూరం వచ్చి, పై అంచు వెన్నెలలో కనిపిస్తూ ఉండగా ఆ నిర్ణయాన్ని అంగీకరించడానికి కావలసిన నిబ్బరం, మిగిలిన దూరం నడవడానికి కావలసినదానికన్నా ఎక్కువని నా అభిప్రాయం. మేము ఊరికి వచ్చాక జరిగిన సన్మాన సభలో వేదిక మీదకు శిఖరం చేరినవారిని మాత్రమే పిలిచారు. ఆయన మూడవ వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. మరునాటి వార్తలోనూ ఆయన పేరు లేదు. ఆయనకు దాని గురించి బాధ లేదు, నాకే ఉన్నది.

వెనుదిరగడం పర్వతారోహణ చరిత్రకు కొత్త కాదు. కిలిమంజారో శిఖరాన్ని తొలిసారి చేరినట్లు నమోదైన జర్మన్ భూగోళ శాస్త్రవేత్త హాన్స్ మేయర్ 1887లో మంచును దాటలేక తిరిగి వచ్చాడు. 1888లో తీరప్రాంతపు తిరుగుబాటులో బందీగా చిక్కి పర్వతం దాకా పోలేకపోయాడు. 1889లో ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌ను వెంట తీసుకుని వచ్చినప్పుడు, దారి పొడవునా ఆహారం నిల్వ ఉంచిన శిబిరాలను ఏర్పాటు చేసుకున్నాడు. ఒక ప్రయత్నం విఫలమైతే పూర్తిగా కిందికి దిగిపోకుండా, కొంత వెనక్కి తగ్గి మళ్లీ ప్రయత్నించడానికి వీలుగా చేసిన ఏర్పాటు అది. అంటే వెనక్కి రావడాన్ని ముందే లెక్కలో వేసుకున్నాడన్నమాట. మన పిల్లల చదువుల ప్రణాళికలో ఆ శిబిరాలు ఎక్కడున్నాయో తల్లిదండ్రులు ఒకసారి చూసుకోవడం మంచిది.

స్వీడన్ వాసి యోరాన్ క్రోప్ కథ ఇంకా విశేషమైనది. 1995 అక్టోబరులో స్టాక్‌హోం నుంచి సామానంతా సైకిలు మీద వేసుకుని నేపాల్ దాకా తొక్కుకుంటూ వచ్చాడు. 1996 మే మొదటి వారంలో ఎవరెస్టు శిఖరం ఇక సుమారు వంద మీటర్లే ఉందనగా, లోతైన మంచులో ఆలస్యమైపోయిందనీ, ఇప్పుడు ఎక్కితే దిగేసరికి చీకటి పడుతుందనీ గ్రహించి వెనక్కి తిరిగాడు. వారం గడిచాక, మే 10, 11 తేదీల తుపానులో అదే పర్వతం మీద ఎనిమిది మంది మరణించారు. వారిలో కొందరు తిరుగుముఖం పట్టవలసిన వేళ దాటిన తరువాత కూడా పైకి నడిచినవారు. క్రోప్ మే 23న మళ్లీ ఎక్కి, అదనపు ఆక్సిజన్ లేకుండా శిఖరం చేరి, దిగి వచ్చాడు. మే 3న ఆ వంద మీటర్లూ నడిచి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఎవరెస్టు ఎగువ భాగంలో పర్వతారోహకుల మరణాలు ఎక్కువగా దిగేటప్పుడే జరిగాయని మాత్రం తెలుసు.

మన మల్లి మస్తాన్‌బాబు గారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన ఆ మనిషి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ప్రతికూల వాతావరణంలో చిక్కుకుని కన్నుమూశారు. ఏప్రిల్‌లో ఆయన దేహాన్ని కనుగొని స్వగ్రామానికి తెచ్చారు. అంతటి అనుభవం కూడా పర్వతం ముందు హామీపత్రం కాదు. ఆయన గురించి రాసినప్పుడల్లా 172 అనే అంకె దగ్గర ఆగిపోతాం, ఆ అంకె వెనక ఉన్న ఏళ్ల తరబడి సాధన గురించి రాసేవారు తక్కువ.

మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ల విషయమూ అంతే. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు చేరినప్పుడు పూర్ణకు పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదన్నది అందరికీ కంఠస్థం. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదువుతున్న ఆ పిల్లలు భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ శిక్షణ సంస్థలోనూ, లడఖ్ చలిలోనూ తర్ఫీదు పొంది, ఎన్నో దశల వడపోత తరువాత అక్కడికి చేరారు. ఆ వడపోతలో మధ్యలో ఆగిన పిల్లలు చాలామంది ఉన్నారు. వారు ఎవరు, భువనగిరి కొండ వారికి ఏం నేర్పింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఇవి ఒక పత్రిక రాయదగిన సంగతులు కావా? రికార్డు ఒకరిద్దరిదే అయినా శిక్షణ అందరిదీ.

ఇక సామాను మోసేవారి సంగతి. కిలిమంజారోను లైసెన్సు ఉన్న గైడు లేకుండా ఎక్కడానికి అనుమతి లేదు. గైడుతో పాటు వంటవాడు, గుడారాలు, నీళ్లు, తిండి, మన సంచులు మోసే పోర్టర్లు వస్తారు. ఎక్కేవారి సంఖ్యకన్నా వారి సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. ఒక్కొక్కరి మీద 20 కిలోలకు మించి బరువు వేయకూడదన్న నియమం ఉన్నది, గేటు దగ్గర తూకం వేస్తారు. వారిలో చాలామంది ఆ పర్వతం వాలులోనే అరటి, కాఫీ తోటలు సాగు చేసుకునే చగ్గా తెగ కుటుంబాల యువకులు. పొద్దున మేము బయలుదేరాక గుడారాలు విప్పి, మూట కట్టి, నెత్తిన పెట్టుకుని, మమ్మల్ని దాటిపోయి, మేము చేరేసరికి మళ్లీ గుడారాలు వేసి, టీ కాచి ఉంచేవారు. మా కాళ్లకు వేలకు వేలు పోసి కొన్న బూట్లున్నాయి, వారిలో కొందరి బూట్లకు అడుగులు ఊడిపోయి ఉన్నాయి. ఈ దృశ్యాన్ని కళ్లారా చూసిన తరువాత కూడా 'నేను ఒంటరిగా జయించాను' అని ఎవరైనా వేదిక మీద చెబితే నాకు వినబుద్ధి కాదు. పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కడానికి నెల ముందు, 2014 ఏప్రిల్ 18న, ఎవరెస్టు నేపాల్ వైపు ఖుంబు హిమానీనదం వద్ద మంచుచరియ విరిగిపడి మరణించిన 16 మందీ నేపాలీ శ్రామికులే. ఎక్కబోయే ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ, సామాన్లు చేరవేస్తూ ఉన్నవారు వారు.

శిఖరం ఫోటోల గురించి మాట్లాడుతున్నాం కనుక ఒక సంగతి. 1953 మే 29న ఎవరెస్టు మీద తీసిన ప్రసిద్ధమైన ఫోటోలో జెండాలు కట్టిన మంచుగొడ్డలి ఎత్తి పట్టుకుని నిలబడినది టెన్సింగ్ నార్గే. తీసినది హిల్లరీ. శిఖరం మీద హిల్లరీ ఫోటో లేనే లేదు, ఆయన తీయించుకోలేదు. నేటి రికార్డుల పద్ధతిలో అయితే రుజువు లేదని ఆయనకు సర్టిఫికెట్టు నిరాకరించి ఉండేవారేమో!

పసిపిల్లల రికార్డుల విషయం కూడా మీ దృష్టికి తేవాలి. పదేళ్లు నిండని పిల్లలను కిలిమంజారో శిఖరానికి పంపకూడదని పార్కు నియమం చెబుతున్నది. ప్రత్యేక అనుమతులు తెచ్చుకుని తీసుకుపోతున్నవారు ఉన్నారు. తలనొప్పిని, కళ్లు మసకబారడాన్ని సరిగా చెప్పలేని వయస్సులో, చెప్పినా నాన్నకు కోపం వస్తుందేమోనని భయపడే వయస్సులో పిల్లలను ఆ ఎత్తుకు తీసుకుపోవడం గురించి మన పత్రికలు ఒక శిశువైద్యుడిని అడిగి రాసిన వార్త నేనెప్పుడూ చూడలేదు. 'అతి పిన్న వయస్కుడు' అన్న శీర్షిక పెట్టిన ప్రతిసారీ, ఇంకా చిన్న వయస్సులో ఎక్కించడానికి ఎక్కడో ఒక తండ్రి సిద్ధమవుతాడు. పిల్లలకు కొండలు వద్దని కాదు నా ఉద్దేశం. భువనగిరిలోనో, మన్యం కొండల్లోనో, అరకు దారుల్లోనో తిప్పండి, రాయి పట్టుకోవడం, దారి గుర్తుపెట్టుకోవడం, తోటివాడి కోసం ఆగడం నేర్పండి. వీటికి ఐదు వేల మీటర్లు అవసరం లేదు.

రాబోయే జనవరి 26న కిలిమంజారో మీద జెండా పట్టుకోవడానికి మన ప్రాంతం నుంచి ఎవరో ఒకరు ఇప్పటికే టికెట్టు కొనుక్కుని ఉంటారు. వారు తిరిగి వచ్చినప్పుడు మీ విలేకరి శిఖరం ఎత్తు, రికార్డు పేరుతో పాటు మరికొన్ని సంగతులు కూడా అడిగేలా చూడవలసిందిగా కోరుతున్నాను: దారిలో ఎన్ని రాత్రులు గడిపారు, ఆగడానికి అదనపు రోజు పెట్టుకున్నారా, మీ సంచి మోసినవారి పేరేమిటి, మీ బృందంలో శిఖరం చేరకుండా తిరిగి వచ్చినవారు ఎవరు, వారితో ఒకసారి మాట్లాడవచ్చునా. వార్త మరో నాలుగు వాక్యాలు పెరుగుతుంది. స్థలం చాలకపోతే శాలువా ఫోటో తగ్గించుకోవచ్చు.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ